ఆఫర్ లెటర్ అంకె వేరు, చేతికొచ్చే జీతం వేరు: మొదటి ఉద్యోగంలో చేరే మన పిల్లల పన్ను లెక్క

డిసెంబర్‌లో ఎంఎస్ పూర్తిచేసిన మన పిల్లలు చాలామంది ఈ జనవరిలో మొదటి ఉద్యోగాల్లో చేరుతున్నారు. ఆఫర్ లెటర్ వచ్చిన గంటలోనే అందులోని అంకె ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. 80 వేల డాలర్లు అని ఇక్కడ రాయగానే అక్కడ బాబాయ్ ఎవరో 90తో గుణించి "అంటే 72 లక్షలు" అని పెడతారు. ఇక ఆ 72 లక్షల మీద లెక్కలు మొదలవుతాయి. లోను ఎప్పటికి తీరుతుంది, చెల్లెలి పెళ్లికి ఎంత సర్దగలడు, తాకట్టులో ఉన్న ఇంటి కాగితాలు ఎప్పుడు విడిపిస్తారు అని. నెల తిరిగి మొదటి పే స్టబ్ వచ్చాక ఆ పిల్లవాడికి ఒక్కడికే అసలు అంకె తెలుస్తుంది. అది మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టడు.

నేను ఉద్యోగం చేయను, సీపీఏని అసలే కాదు. బీఎస్సీలో లెక్కలు చదువుకున్నాను, ఇంట్లో పన్ను కాగితాలు చూసేది నేనే. మా డాలస్ వైపు అద్దెకుండే పిల్లలు, మావారి కజిన్లు, ఊరి నుంచి వచ్చినవాళ్లు పే స్టబ్‌లు పట్టుకొచ్చి "అక్కా, ఇందులో ఇంత ఎందుకు పోయింది?" అని అడుగుతుంటారు. ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో అమెరికాలో భారత విద్యార్థులు 3 లక్షల 63 వేలు దాటారు. అందులో సుమారు 1 లక్షా 43 వేల మంది చదువు ముగించి ఓపీటీలో ఉన్నారు. వీళ్లలో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎంతమందో మన అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల్లో చూస్తే తెలుస్తుంది. అందుకే ఇది వాళ్లకే కాదు, వాళ్ల మీద ఆశలు పెట్టుకున్న ఇళ్లన్నిటికీ పనికొచ్చే లెక్క అనుకుంటున్నాను.

అన్నిటికన్నా ముందు: పన్ను దృష్టిలో మీరెవరు?

ఇమిగ్రేషన్ స్టేటస్, ట్యాక్స్ స్టేటస్ ఒకటి కావు. ఎఫ్-1 మీద వచ్చిన విద్యార్థి సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్. "క్యాలెండర్ సంవత్సరాలు" అన్నమాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆగస్టులో దిగినా, డిసెంబర్ 30న దిగినా ఆ సంవత్సరం ఒకటిగా లెక్కలోకి వస్తుంది. 2023 ఆగస్టులో వచ్చిన అమ్మాయికి 2023, 24, 25, 26, 27 ఆ ఐదేళ్లు. 2028 నుంచి రోజులు లెక్కపెట్టడం మొదలవుతుంది.

దీని ప్రభావం ఇప్పుడే పడుతున్నవాళ్లు కొందరున్నారు. ఇంటర్ అవగానే 2021 ఆగస్టులో బ్యాచిలర్స్ కోసం వచ్చిన పిల్లలకు ఐదేళ్లూ 2025తో అయిపోయాయి. వాళ్లు ఇంకా ఎఫ్-1లోనే, ఓపీటీలోనే ఉండొచ్చు. కానీ ఈ సంవత్సరం ఇక్కడ 183 రోజులు గడిపితే 2026కు పన్ను లెక్కలో రెసిడెంట్లు. ఒకే ఆఫీసులో, ఒకే జీతంతో, ఒకే ఓపీటీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి చేతికొచ్చే డబ్బు ఎందుకు వేరుగా ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఒకరు 2021లో వచ్చారు, ఇంకొకరు 2024లో వచ్చారు. అంతే తేడా.

కాబట్టి మొదటి రోజు హెచ్‌ఆర్ వాళ్లు కాగితాలు ఇచ్చినప్పుడు "నేను ఏ సంవత్సరం మొదటిసారి ఎఫ్-1 మీద దిగాను?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండాలి. మిగతా లెక్కంతా దానిమీదే ఆధారపడుతుంది.

80 వేలల్లో చేతికి ఎంత?

ఒంటరిగా ఉండే ఎఫ్-1 విద్యార్థి, టెక్సాస్‌లో ఉద్యోగం, 2026 మొత్తం పనిచేశాడు అనుకుందాం. జీతం 80,000. ఇందులో స్టాండర్డ్ డిడక్షన్ 16,100 తీసేస్తే పన్ను పడేది 63,900 మీద. మొదటి 12,400కు 10 శాతం, అంటే 1,240. అక్కడి నుంచి 50,400 వరకు 12 శాతం, అంటే 4,560. మిగిలిన 13,500కు 22 శాతం, అంటే 2,970. మొత్తం ఫెడరల్ పన్ను 8,770 డాలర్లు. జీతంలో దాదాపు 11 శాతం.

ఇక్కడ ఒక భయం గురించి చెప్పాలి. "అక్కా, 22 శాతం స్లాబులో పడ్డాను, జీతం పెరగకుండా ఉంటేనే మేలేమో" అని ఒకబ్బాయి నిజంగానే అడిగాడు. ఈ భయం మనకు కరెంటు బిల్లు నుంచి వచ్చిందని నా అనుమానం. తెలంగాణలో ఇంటి కరెంటు 200 యూనిట్లు దాటితే కేటగిరీయే మారిపోయి మొదటి యూనిట్ల రేటు కూడా పెరుగుతుంది. అందుకే నెలాఖరున మీటరు చూసి ఏసీ ఆపేసే ఇళ్లు ఉన్నాయి. అమెరికా ఆదాయపు పన్ను స్లాబులు అలా పనిచేయవు. పై స్లాబు రేటు ఆ గీత దాటిన డాలర్లకే పడుతుంది, కింది డాలర్ల రేటు మారదు. 22 శాతం స్లాబులోకి వచ్చిన ఈ అబ్బాయి మొత్తం జీతం మీద కడుతున్నది 11 శాతమే. జీతం పెంచుతామంటే హాయిగా తీసుకోవచ్చు.

రాష్ట్రం సంగతి కూడా ఉంది. టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, టెనెసీ లాంటి చోట్ల జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో ఉంది. న్యూయార్క్ నగరంలో నివసిస్తే నగరం పన్ను అదనం. రెండు ఆఫర్లు చేతిలో ఉన్నప్పుడు పై అంకెలు కాదు, రాష్ట్ర పన్ను, అద్దె తీసేశాక మిగిలేవి పోల్చి చూసుకోవాలి. చదివిన రాష్ట్రం ఒకటి, ఉద్యోగం ఇంకొకటి అయి, రెండుచోట్లా జీతం సంపాదించి ఉంటే రెండు రాష్ట్రాల రిటర్నులూ వేయాల్సి రావచ్చు.

ఫైకా: ఒక ఈఎంఐ అంత డబ్బు

పే స్టబ్ మీద ఫెడరల్ పన్ను కింద ఇంకో రెండు గీతలు ఉంటాయి. సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం. రెండూ కలిపి 7.65 శాతం. దీన్నే ఫైకా అంటారు. ఉద్యోగి ఎంత కడితే కంపెనీ కూడా అంతే కడుతుంది. పౌరులకు, గ్రీన్ కార్డు వాళ్లకు, హెచ్-1బీ వాళ్లకు ఇది తప్పదు. నాన్‌రెసిడెంట్‌గా ఉన్న ఎఫ్-1 విద్యార్థి ఓపీటీ మీద, స్టెమ్ ఓపీటీ మీద చేసే ఉద్యోగానికి మాత్రం ఇది లేదు.

80,000 జీతం మీద ఫైకా ఏడాదికి 6,120 డాలర్లు, నెలకు 510. దీన్ని ఇంటి భాషలోకి మారుద్దాం. 40 లక్షల ఎడ్యుకేషన్ లోను, 11 శాతం వడ్డీ, 10 ఏళ్లు అంటే ఈఎంఐ సుమారు 55,100 రూపాయలు. లెక్క సులువు కోసం డాలర్‌ను 90 రూపాయలు అనుకుంటే 612 డాలర్లు. ఫైకా లేకపోవడం వల్ల మిగిలే 510 డాలర్లు దాదాపు 45,900 రూపాయలు. అంటే ఒక ఈఎంఐలో ఆరింట అయిదు వంతులు.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. ఆ 510 డాలర్లను ఖర్చుల్లో కలిపేయకుండా, మూడేళ్ల ఓపీటీ కాలమంతా ఈఎంఐకి అదనంగా లోనుకే కట్టారనుకోండి. ఆ తర్వాత మామూలు ఈఎంఐ మాత్రమే కడుతూ పోయినా, 10 ఏళ్ల లోను సుమారు 5 ఏళ్ల 2 నెలల్లో తీరిపోతుంది. తాకట్టు కాగితాలు ఇంటికి రావడం దాదాపు ఐదేళ్లు ముందుకు జరుగుతుంది. నాన్న రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ ఇళ్లలో ఆ ఐదేళ్లు చాలా పెద్ద విషయం.

కానీ ఈ మినహాయింపు తనంతట తాను అమలు కాదు. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగిని మామూలుగా నమోదు చేసేస్తే ఫైకా కట్ అవుతూనే ఉంటుంది. చిన్న కంపెనీల్లో ఈ నిబంధన పేరోల్ చూసేవాళ్లకే తెలియకపోవచ్చు. గుంటూరు నుంచి వచ్చిన ఒకమ్మాయికి ఏడు నెలలు ఇలాగే కట్ అయింది. పాస్‌పోర్టు, వీసా, ఐ-94, ఐ-20, ఈఏడీ కార్డు కాపీలు జతచేసి మర్యాదగా ఈమెయిల్ రాస్తే, రెండు పే పీరియడ్లలో కంపెనీ మొత్తం తిరిగి ఇచ్చింది. ముందు కంపెనీనే అడగాలి. వాళ్లు ఇవ్వలేమంటే అప్పుడు ఫారం 843కు 8316 జతచేసి ఐఆర్‌ఎస్‌కు పంపుకోవాలి. మీది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. జనవరి ఆఖరుకి వచ్చే డబ్ల్యూ-2 లో 4వ గడి, 6వ గడి చూడండి. నాన్‌రెసిడెంట్ ఎఫ్-1 వాళ్లకు అవి ఖాళీగా ఉండాలి.

ఈ మినహాయింపు ఎన్నాళ్లు?

దీని మీద వాషింగ్టన్‌లో వాదన వేడెక్కుతోంది. సెనేటర్ టామ్ కాటన్ 2025లో ఓపీటీ ఫెయిర్ ట్యాక్స్ యాక్ట్ పేరుతో బిల్లు పెట్టారు. ఓపీటీ వాళ్లకూ ఫైకా వేయాలన్నది దాని సారాంశం. ఈ వ్యాసం రాసేనాటికి అది బిల్లుగానే ఉంది, చట్టం కాలేదు.

అవతలి వాదన కూడా మనం న్యాయంగా వినాలి. ఓపీటీ విద్యార్థిని తీసుకుంటే కంపెనీకి తన వంతు 7.65 శాతం మిగులుతుంది. అదే డిగ్రీ చేసిన అమెరికన్ పిల్లవాడిని తీసుకుంటే మిగలదు. ఇది ప్రభుత్వమే ఇచ్చే డిస్కౌంటు కాదా అని వాళ్లు అడుగుతున్నారు. ఇక్కడే పుట్టి ఇక్కడే డిగ్రీ చేస్తున్న మన పిల్లలు కూడా ఆ అమెరికన్ పిల్లల్లోనే ఉన్నారు కదా. మన కమ్యూనిటీలోనే ఈ ప్రశ్నకు రెండు వైపులా ఇళ్లున్నాయి.

ఇవతలి వాదనలోనూ బలం ఉంది. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రావాలంటే సాధారణంగా 40 క్రెడిట్లు, అంటే దాదాపు పదేళ్ల పని ఉండాలి. భారత్‌కూ అమెరికాకూ మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. రెండు మూడేళ్లు పనిచేసి వెనక్కి వెళ్లిపోయే విద్యార్థి కట్టిన డబ్బు అతనికి ఏ రూపంలోనూ తిరిగి రాదు. చదువు పేరుతో తాత్కాలికంగా వచ్చినవాళ్ల దగ్గర పెన్షన్ కోసం వసూలు చేయడంలో అర్థం లేదన్నదే ఈ మినహాయింపు వెనకున్న ఆలోచన.

ఎవరి వాదన గెలుస్తుందన్నది మన చేతిలో లేదు. కానీ ఒకటి మాత్రం ఖాయం. చట్టం మారకపోయినా ఈ మినహాయింపు ఎవరికీ శాశ్వతం కాదు. హెచ్-1బీ వచ్చి అక్టోబర్ 1న స్టేటస్ మారితే ఆ రోజు నుంచే ఫైకా మొదలు. జీతం ఒక్క డాలరు పెరగకుండానే అక్టోబర్‌లో చేతికొచ్చేది నెలకు 510 తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే కారు లోను తీసుకుని, పెద్ద అపార్ట్‌మెంటుకు మారి ఇబ్బందిపడే పిల్లలను ప్రతి ఏడూ చూస్తున్నాం. అందుకే నా మాట ఏమిటంటే, ఫైకా లేకపోవడం వల్ల మిగిలే డబ్బును జీతంగా లెక్కవేయొద్దు. అది ఎప్పుడైనా ఆగిపోయే డబ్బు. మొదటి నెల నుంచే దాన్ని వేరు ఖాతాలో వేసి లోనుకు పంపితే, ఆగిపోయిన రోజు కొత్తగా నష్టపోయేది ఏమీ ఉండదు.

కాగితాలు: ఏది వేయాలి, ఏది వేయకూడదు

చేరిన రోజు ఇచ్చే డబ్ల్యూ-4 మీద నాన్‌రెసిడెంట్ విద్యార్థి పెళ్లయినా సింగిల్ అనే టిక్ పెట్టాలి, 4(సి) కింద నాన్‌రెసిడెంట్ ఏలియన్ అని రాయాలి. మామూలుగా నాన్‌రెసిడెంట్లకు స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు, కాబట్టి పేరోల్ వాళ్లు వాళ్ల దగ్గర కొంచెం ఎక్కువ పట్టుకుంటారు. భారత విద్యార్థులకు మాత్రం ఆ అదనపు పట్టు వర్తించదు. కారణం 1989లో రెండు దేశాలూ సంతకం చేసిన పన్ను ఒప్పందం. అందులోని 21(2) అధికరణం భారత విద్యార్థికి అమెరికన్‌లాగే స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తుంది. పై లెక్కలో నేను 16,100 తీసేసింది ఈ హక్కుతోనే. ఇది అడిగి తీసుకోవాల్సిన హక్కు. రిటర్నులో ఆ అధికరణం పేరు రాసి క్లెయిమ్ చేయాలి.

నాన్‌రెసిడెంట్ వేయాల్సిన రిటర్ను 1040-ఎన్‌ఆర్. దాంతోపాటు 8843. ఆ సంవత్సరం ఒక్క డాలరు సంపాదించకపోయినా 8843 వేయాలి. 2025లో చదువుకుంటూ ఉండి ఈ జనవరిలో ఉద్యోగంలో చేరినవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఆదాయం లేకపోతే గడువు జూన్ 15, జీతం ఉంటే ఏప్రిల్ 15.

గొడవంతా ఇక్కడే వస్తుంది. రూమ్మేట్ టర్బోట్యాక్స్‌లో పది నిమిషాల్లో చేసుకున్నాడని తానూ అందులోనే చేసేస్తారు. టర్బోట్యాక్స్ 1040-ఎన్‌ఆర్ చేయదు, రెసిడెంట్లు వేసే 1040 చేస్తుంది. ఆ ఫారంలో విద్యా క్రెడిట్లు కూడా కనబడతాయి, రిఫండ్ పెద్దదిగా వస్తుంది, స్నేహితులకు చెబుతారు. నాన్‌రెసిడెంట్‌కు ఆ క్రెడిట్లు లేవు. తీసుకుంటే వడ్డీతో తిరిగి కట్టాల్సి వస్తుంది. పైగా సంతకం పెట్టి ఇచ్చిన పన్ను కాగితం తప్పు అయితే, రేపు ఇమిగ్రేషన్ ఫైలులో ఎవరైనా అడిగినప్పుడు సంజాయిషీ చెప్పుకోవాలి. ఇప్పటికే అలా వేసినవాళ్లు భయపడక్కర్లేదు. 1040-ఎక్స్‌తో సవరించుకునే దారి ఉంది, నోటీసు రాకముందే చేసుకోవడం మంచిది. చాలా యూనివర్సిటీల ఇంటర్నేషనల్ ఆఫీసులు నాన్‌రెసిడెంట్ల కోసం స్ప్రింట్యాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు కోడ్‌లు ఇస్తాయి. చదువు అయిపోయిందని మొహమాటపడకుండా అడగండి.

హెచ్-1బీ అక్టోబర్‌లో వచ్చిన సంవత్సరం ఏ ఫారం అన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఐదేళ్లు దాటని విద్యార్థికి ఆ ఏడాది లెక్కలోకి వచ్చేవి అక్టోబర్ 1 నుంచి 92 రోజులే. 183 నిండవు. కాబట్టి మామూలుగా ఆ సంవత్సరానికీ 1040-ఎన్‌ఆరే. మరుసటి ఏడాది నుంచి 1040.

"మీకు 5 వేలు రిఫండ్ ఇప్పిస్తాం, అందులో ఇంత శాతం మాది" అనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. రిఫండ్ అంటే ఎవరో ఇచ్చే బహుమానం కాదు, ఎక్కువగా పట్టుకున్న మీ డబ్బే వెనక్కి రావడం. ఏడాది మధ్యలో చేరినవాళ్లకు అది సహజంగానే వస్తుంది, ఎందుకంటే పేరోల్ ఏడాది మొత్తం అదే జీతం వస్తుందని ఊహించి పట్టుకుంటుంది. రిటర్ను తయారుచేసినవాళ్లు తమ పేరు, నంబరు వేసి సంతకం పెట్టకపోతే ఆ కాగితం మీద మీరు కూడా పెట్టకండి.

మొదటి ఉద్యోగం దొరక్క, ఓపీటీలో 90 రోజుల నిరుద్యోగ గడువు దగ్గరపడుతుంటే కొందరు ఏ కన్సల్టెన్సీ ఏ కాగితం ఇచ్చినా తీసుకుంటున్నారు. జీతం డబ్ల్యూ-2 మీద ఇస్తారా, 1099 మీద ఇస్తారా అని అడగాలి. 1099 అంటే కాగితం ప్రకారం మీరు ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు. పన్ను ఎవరూ పట్టరు, ఏప్రిల్‌లో ఒక్కసారిగా మీ నెత్తిన పడుతుంది. స్టెమ్ ఓపీటీకి అయితే నిజమైన యజమాని-ఉద్యోగి సంబంధం ఉండాలి కాబట్టి స్టేటస్‌కే ముప్పు.

ఇంటికి పంపే డబ్బు, ఇంటి దగ్గరున్న ఖాతాలు

2025 జూలై 4న సంతకమైన వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్ చట్టం వల్ల ఇంటికి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను పడుతుందన్న వార్త మన గ్రూపుల్లో చాలా తిరిగింది. ఈ జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది, నిజమే. కానీ క్యాష్, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ ఇచ్చి పంపితేనే. అమెరికా బ్యాంకు ఖాతా నుంచి, ఇక్కడి డెబిట్, క్రెడిట్ కార్డు నుంచి పంపితే లేదు. మొదట బిల్లులో 5 శాతం అని ఉండేది, తర్వాత 3.5 అయింది, చివరికి 1 శాతం దగ్గర ఆగింది. మన పిల్లలు పంపేది యాప్‌లో బ్యాంకు నుంచే కాబట్టి ఈఎంఐకి దీనివల్ల ఇబ్బంది లేదు.

లోను వడ్డీ మీద చాలామంది వదిలేసే వెసులుబాటు ఒకటుంది. స్టూడెంట్ లోన్ వడ్డీ ఏడాదికి 2,500 డాలర్ల వరకు ఆదాయంలోంచి తీసేయవచ్చు, 1040-ఎన్‌ఆర్‌లో కూడా. లోను చదువు కోసమే తీసుకున్నదై, చట్టప్రకారం కట్టాల్సిన బాధ్యత పిల్లవాడి మీద ఉండి, కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉండాలి. 2025 లెక్క ప్రకారం ఒంటరివారికి ఆదాయం 85,000 దాటాక ఇది తగ్గుతూ లక్ష దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. చుట్టాల దగ్గర తీసుకున్న అప్పుకు వర్తించదు. భారత్‌లో సెక్షన్ 80ఈ పేరుతో మనకు తెలిసిన వడ్డీ మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. లోనులో నాన్న పేరుండి, ఆయనే తన జీతంలోంచి కడుతుంటే ఆయనకు పనికొస్తుంది. కొడుక్కి అక్కడ ఆదాయమే లేకపోతే అక్కడ అతనికి ఉపయోగం లేదు. ఈఎంఐ ఎవరి ఖాతా నుంచి పోవాలన్నది ఇది చూసుకుని ఇంట్లో నిర్ణయించుకోవచ్చు.

మరో విషయం ఇప్పుడు కాకపోయినా తర్వాత వస్తుంది. నాన్‌రెసిడెంట్‌గా ఉన్నంతకాలం ఊళ్లో ఉన్న ఎఫ్‌డీ వడ్డీతో అమెరికాకు పని లేదు. రెసిడెంట్ అయిన సంవత్సరం నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా చూపించాలి. భారత్‌లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ వేయాలి. నాన్నతో కలిసి ఉన్న జాయింట్ ఖాతా కూడా ఇందులోకి వస్తుంది. పొలం అమ్మిన డబ్బు రెండు వారాలు ఆ ఖాతాలో ఉన్నా సరే. "ఆ డబ్బు మాది, వాడిది కాదు" అన్నది మన మాట. ఖాతాలో పేరుందా లేదా అన్నది వాళ్ల మాట. వీసాకి వచ్చినప్పుడు చూపించడం కోసం తెరిచిన జాయింట్ ఖాతాలు ఇప్పుడు అవసరమా అని ఓసారి చూసుకోండి.

ఇక్కడ పుట్టిన పిల్లల సంగతి

వాళ్లకు ఈ నాన్‌రెసిడెంట్ గొడవలేవీ లేవు, ఫైకా మొదటి డాలరు నుంచే ఉంది. వాళ్ల దగ్గర వచ్చే తకరారు వేరు. మే నెలలో పట్టా తీసుకుని జూలైలో ఉద్యోగంలో చేరిన 22 ఏళ్ల అమ్మాయి ఆ సంవత్సరానికి ఇంకా తల్లిదండ్రుల డిపెండెంట్ కావచ్చు. ఏడాదిలో కనీసం 5 నెలల్లో ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉండి, తన పోషణలో సగానికి మించి తనే భరించకుండా ఉంటే. అమ్మాయి తొందరపడి తనంతట తాను రిటర్ను వేసి, "నన్ను వేరెవరూ క్లెయిమ్ చేయలేరు" అని రాసేస్తే తల్లిదండ్రుల ఈ-ఫైల్ వెనక్కి వస్తుంది, విద్యా క్రెడిట్ లెక్క చిక్కుల్లో పడుతుంది. ఉద్యోగ ఆదాయం బాగా ఉన్న పిల్లకు డిపెండెంట్‌గా ఉన్నందువల్ల స్టాండర్డ్ డిడక్షన్ తగ్గదు. కాబట్టి ముందు ఇంట్లో మాట్లాడుకుని, తర్వాత ఫైల్ చేయండి.

ఎవరి పిల్లలకైనా చెప్పాల్సింది ఇంకొకటుంది. కంపెనీ 401(కె)లో మ్యాచ్ ఇస్తుంటే మొదటి నెల నుంచే అందుకోవాలి. 80,000లో 4 శాతం, అంటే 3,200 వేస్తే, పన్ను 704 తగ్గుతుంది కాబట్టి జేబు నుంచి నిజంగా పోయేది 2,496. కంపెనీ ఇంకో 3,200 వేస్తే ఖాతాలో 6,400 ఉంటుంది. వెనక్కి వెళ్లిపోతామేమో అన్న పిల్లలు కూడా దీన్ని వదులుకోనక్కర్లేదు. కంపెనీ వాటా ఎన్నేళ్లకు పూర్తిగా మనదవుతుందో మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఒక మనవి. పిల్లవాడిని ప్యాకేజీ ఎంత అని అడగడం మానేసి, మొదటి పే స్టబ్ వచ్చాక వీడియో కాల్‌లో అరగంట కూర్చుని కలిసి చూడండి. ఫెడరల్ ఎంత, రాష్ట్రం ఎంత, ఫైకా ఉందా లేదా, ఇన్సూరెన్స్‌కు ఎంత పోతోంది, అద్దె ఎంత. టెక్సాస్‌లో 80 వేల ఉద్యోగానికి ఇన్సూరెన్సు, 401(కె) తీయకముందు నెలకు చేతికొచ్చేది సుమారు 5,936 డాలర్లు. ఫైకా మొదలయ్యాక 5,426. ఈఎంఐ ఎంత పెట్టుకోవాలో, చెల్లెలి పెళ్లికి ఎంత అనుకోవాలో రెండో అంకె మీద లెక్క వేయండి. మొదటి అంకెకూ దానికీ మధ్య ఉన్న 510ని, వచ్చినన్నాళ్లూ, లోను అసలుకు కట్టించండి.